డెగా "బెల్లెల్లి కుటుంబం": ఈ గదిలో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు?

రంగులపెట్టె:

ఈ వారం బొమ్మ ఫ్రెంచ్ చిత్రకారుడు ఎడ్గార్ డెగా గీసిన "బెల్లెల్లి కుటుంబం". ప్యారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. డెగా అనగానే మనకు గుర్తొచ్చేది బాలే పిల్లలు, గుర్రప్పందేలు. ఇది వాటన్నిటికన్నా ముందుది. 1858లో మొదలుపెట్టాడు, అప్పటికి అతనికి 24 ఏళ్ళు. పూర్తవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఒక్క రిక్వెస్ట్. వెంటనే నెట్‌లో కథ వెతక్కండి. ముందు బొమ్మ చూసి ఏమనిపించిందో రాయండి. కథ ఎలాగూ ఎవరో ఒకరు పట్టుకొస్తారు.

ఫోన్లో చూసేవాళ్ళ కోసం అందులో ఏముందో చెప్తాను. చిన్న తెల్ల పూలున్న నీలం కాగితం అంటించిన గోడ. ఎడమవైపు నల్ల గౌనులో నిలబడ్డ తల్లి. ఒక చెయ్యి పెద్ద కూతురి భుజం మీద, రెండో చేతి వేళ్ళు పక్కనున్న బల్ల మీద. పెద్దమ్మాయి తల్లికి ఆనుకున్నంత దగ్గరగా, చేతులు కట్టుకుని నిలబడి మనవైపు చూస్తోంది. బొమ్మ మధ్యలో చిన్నమ్మాయి కుర్చీలో కూర్చుంది. నడుం మీద చేతులు, ఒక కాలు గౌను కింద మడిచేసింది. కనిపించేది ఒక్క కాలే. కుడివైపు చివర, నిప్పుగూటి పక్కన వాలుకుర్చీలో తండ్రి. వీపు మనవైపు, మొహం పక్కనుంచి కాస్త కనబడుతుంది. తల్లి తల పక్కన గోడకి ఫ్రేము కట్టిన ఒక ముసలాయన చిత్తరువు. కింద కుడి మూలలో చిన్న కుక్క, దాని తల బొమ్మలో లేదు. ఫ్రేము దాటి వెళ్ళిపోతోంది.

ఇంట్లో ఏం జరుగుతోంది? మీరే చెప్పండి.

చిట్టిబాబు_బెజవాడ:

పొద్దున్నే గొడవైంది. మధ్యాహ్నం ఫోటోకి రమ్మన్నారు. అంతే.

నీలిమ వి:

చిట్టిబాబు గారూ, గొడవైన ఇల్లయితే ఇంకా వేడిగా ఉంటుంది. ఇది గొడవలు మానేసిన ఇల్లు. తల్లి కళ్ళు చూడండి. భర్త వైపు లేవు, పిల్లల వైపు లేవు, మన వైపూ లేవు. ఎక్కడో అందరి తలల మీదుగా పోతున్నాయి. కోపంలో ఉన్న మనిషి ఎదుటివాళ్ళని చూడకూడదని పట్టుబట్టి మరీ చూడదు. ఈవిడలో ఆ పట్టుదల కూడా కనబడటం లేదు నాకు.

గోదారిగట్టు:

నేను మొహాల జోలికి పోను. మొహాల్లో ఎవరికి కావలసింది వాళ్ళకి కనిపిస్తుంది. గదిని చూద్దాం.

తల్లి, పెద్ద కూతురు కలిసి నల్లటి పెద్ద త్రికోణం. దాని శిఖరం తల్లి తల. వెనక ఖాళీ గోడ, కాబట్టి ఆ ఆకారం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. తండ్రి చుట్టూ అన్నీ గీతలే. కుర్చీ వీపు, నిప్పుగూటి అంచు, దాని మీద గడియారం, కొవ్వొత్తి, పైన అద్దం. ఆ సామానులో ఆయన కూరుకుపోయాడు. ఆడవాళ్ళకీ ఆయనకీ మధ్య బల్ల ఉంది, బల్ల కాలు ఉంది, ఆపైన ఆయన కుర్చీ చెయ్యి ఉంది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్న మనుషుల మధ్య ఇన్ని అడ్డాలు ఊరికే రావు.

ఇంకొకటి. మన ఇళ్ళల్లో పాత స్టూడియో ఫోటోలు గుర్తు తెచ్చుకోండి. తాత కుర్చీలో దర్జాగా కూర్చుంటాడు, నాయనమ్మ పక్కన నిలబడి కుర్చీ మీద చెయ్యి వేస్తుంది. ఎవరు పెద్దో ఆ ఫోటో చూడగానే తెలిసిపోతుంది. ఇక్కడా భర్త కూర్చున్నాడు, భార్య నిలబడింది. కానీ లెక్క తారుమారైంది. నిలబడ్డావిడ గుడిగోపురంలా ఉంది, కూర్చున్నాయన ఇంటికొచ్చిన చుట్టంలా ఉన్నాడు. ఆవిడ చెయ్యి భర్త కుర్చీ మీద లేదు, కూతురి భుజం మీద ఉంది.

షార్జా శీను:

అందరూ ఆడవాళ్ళ పక్షమేనా? ఆయన్ని కాస్త మనిషిలా చూడండి. వీపు ఎందుకు మనవైపు ఉంది? ఆయన అక్కడ ముందునుంచే కూర్చున్నాడు కాబట్టి. నిప్పు దగ్గర, తన కాగితాలేవో చూసుకుంటూ. మిగతా ముగ్గురూ బొమ్మ కోసం నిలబడ్డారు, ఆయన తన ఇంట్లో తన చోట ఉన్నాడు. గదిలో పోజు పెట్టని మనిషి ఆయనొక్కడే. చిన్నపిల్ల కూడా కొంచెం అంతే.

పైగా ఆయన వాళ్ళవైపే తల తిప్పాడు. వాళ్ళే ఆయన వైపు చూడటం లేదు. మాట్లాడాలని చూసేది ఎవరు, మాట్లాడనిది ఎవరు?

నీలిమ వి:

శీను గారూ, తల తిప్పాడు సరే, కుర్చీ తిప్పలేదుగా.

షార్జా శీను:

బరువైన కుర్చీ అండీ అది 😀

మాధురి_తెనాలి:

నాకు మొత్తం బొమ్మ చిన్నమ్మాయే. ఆ మడిచిన కాలు చూడగానే నవ్వొచ్చింది. అక్కని నిలబెట్టినట్టు దాన్నీ నిలబెట్టి ఉంటారు. కాసేపటికి విసుగొచ్చి కూర్చుంది. సరిగ్గా కూర్చోమన్నారు. ఒక కాలు మడిచేసింది. చేతులు నడుం మీద పెట్టుకుంది. "ఇంకా ఎంతసేపు?" అన్నట్టుంది.

తల్లి పక్కనా కాదు, తండ్రి పక్కనా కాదు, సరిగ్గా మధ్యలో ఉంది. ఒళ్ళు తండ్రి వైపుకి తిరిగింది, కానీ ఆయన కళ్ళలోకి చూడటం లేదు. పెద్దది తల్లి చేతి కింద ఖరారైపోయింది. ఇది ఇంకా ఎవరి జట్టో తేలలేదు. ఇలాంటి ఇళ్ళల్లో ఒక పిల్ల ఎప్పుడూ అమ్మ పక్షం అయిపోతుంది, రెండోది ఇటు మాట అటు చేరుస్తూ బతుకుతుంది. "నాన్నని భోజనానికి రమ్మను" అని పంపేది దీన్నే.

చిట్టిబాబు_బెజవాడ:

ఆ చివరి మాట మటుకు నిజం. మా ఇంట్లో ఆ డ్యూటీ నాదే.

పుస్తకాలపురుగు:

ఒక రోజంతా ఆగాను. ఇక కథ చెప్పొచ్చుగా?

ఆవిడ పేరు లారా. డెగా తండ్రికి అక్కచెల్లెళ్ళలో ఒకరు. నేపుల్స్‌లో పుట్టి పెరిగింది. గోడ మీద చిత్తరువులో ముసలాయన ఆమె తండ్రి ఇలేర్. ఫ్రెంచ్ విప్లవం రోజుల్లో ఫ్రాన్స్ వదిలి నేపుల్స్ చేరి, అక్కడ బ్యాంకు పెట్టి బాగా సంపాదించిన మనిషి. 1858 ఆగస్టు ఆఖర్లో పోయాడు. అందుకే ఆ నల్ల బట్టలు. యూరప్‌లో మైల అంటే తల నుంచి కాలి దాకా నలుపు. పిల్లలకి కూడా నల్ల గౌనులే వేసి, పైన తెల్ల ఏప్రాన్లు కట్టారు.

భర్త జెన్నారో బెల్లెల్లి, నేపుల్స్ బారన్. 1848లో అక్కడ రాజుకి వ్యతిరేకంగా జరిగిన తిరుగుబాటులో ఉన్నాడు. అది విఫలమయ్యాక దేశం వదలాల్సి వచ్చింది. చివరికి ఫ్లోరెన్స్‌లో అద్దె ఇంట్లో కాపురం. బొమ్మలో ఉన్నది ఆ ఇల్లే. వాళ్ళది కాదు, ప్రవాసంలో సర్దుకున్న గదులు. పిల్లలు జొవాన్నా, జూలియా. పెద్దదానికి పదేళ్ళు, చిన్నదానికి ఏడు. ఆ సమయంలో లారా మళ్ళీ గర్భవతి అని కూడా డెగా మీద పనిచేసినవాళ్ళు రాశారు.

ఇక అసలు సంగతి. డెగా వెళ్ళిపోయాక లారా అతనికి ఉత్తరాలు రాసింది. భర్త స్వభావం భరించలేనిదని, చేయడానికి ఆయనకు గట్టి పనేమీ లేదని, ఈ కాపురం తనని కాటికి చేర్చేలా ఉందని మొర పెట్టుకుంది. మేనల్లుడికి ఇంత రాసిందంటే ఇంట్లో పరిస్థితి అతను కళ్ళారా చూసే ఉండాలి.

కాబట్టి నీలిమ గారు చెప్పిందే నిజం. కేసు క్లోజ్.

గోదారిగట్టు:

ఎందుకు క్లోజ్ అవ్వాలి? ఉత్తరం నిజమే కావచ్చు. ఆ ఉత్తరంలోది ఈ గుడ్డ మీద కూడా ఉందని మళ్ళీ బొమ్మలోంచే చూపించాలి కదా.

బొమ్మలమాస్టారు:

నేను డ్రాయింగ్ నేర్పేవాణ్ణి. నా అనుమానం చెప్తాను, ఎవరికీ నచ్చదు.

ఇది ఆ గదిలో నలుగుర్నీ ఒకేసారి కూర్చోబెట్టి గీసిన బొమ్మ కాదు. ఫ్లోరెన్స్‌లో ఒక్కొక్కరినీ విడివిడిగా స్కెచ్‌లు వేసుకున్నాడు. జూలియాది అలాంటి ఒక స్కెచ్ ఇప్పుడు వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ మ్యూజియంలో ఉంది. చేతులకి వేరే, మొహాలకి వేరే. పెద్ద కాన్వాస్ పని చాలావరకు ప్యారిస్‌లో, ఆ స్కెచ్‌లు ముందు పెట్టుకుని సాగింది. విడిగా గీసిన మనుషుల్ని ఒక గదిలో చేరిస్తే వాళ్ళ చూపులు కలవవు. నా దగ్గర నేర్చుకునే పిల్లలు గ్రూప్ కూర్పు చేసిన ప్రతిసారీ ఇదే సమస్య. ప్రతివాడూ తన ధ్యానంలో తనుంటాడు. వాళ్ళు గీసిన పెళ్ళి సందడి చూసినా మీరు "ఈ ఇంట్లో ఎవరికీ పడదు" అనే అంటారు.

మీరు టెన్షన్ అంటున్నదాంట్లో సగం పనితీరు. అంతకు మించి ఏమీ లేదనను.

మాధురి_తెనాలి:

మాస్టారూ, మీ పిల్లలకి అది తప్పుగా వచ్చింది. డెగాకి అది తెలిసి కూడా అలాగే ఉంచాడేమో? ఇన్నేళ్ళు దగ్గర పెట్టుకున్నవాడు, తండ్రి మొహాన్ని తల్లి వైపు తిప్పడానికి ఎంతసేపు పడుతుంది?

బొమ్మలమాస్టారు:

మంచి మాటే. తిప్పడం కష్టం కాదు. తిప్పితే నమ్మించడం కష్టం. అయినా మీ పాయింట్ కొట్టేయలేను. కుర్రాడికి కూర్పు చేతకాకపోతే కుక్కని అలా ఫ్రేము దాటించే ధైర్యం రాదు. ఆ కుక్క చేతనైనవాడి పని.

సీతమ్మ_కాకినాడ:

మూడు రోజులుగా అందరూ రాసింది చదివాను. ఒక్క సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఈ బొమ్మ గీసింది ఎవరండీ? ఆవిడ మేనల్లుడు!

వరస పెట్టి చూడండి. నిలబడ్డావిడ మేనత్త. గోడ మీద ఉన్నాయన స్వయానా తాత. ఆ తాత చిత్తరువు తన కూతురి తల పక్కనే, దాదాపు ఆమె వెనక నిలబడ్డంత దగ్గరగా ఉంది. గీసేవాడు మనవడు. అంటే ఒక పుట్టింటి మూడు తరాలు ఈ బొమ్మలో హాజరు. తాత గోడ మీద, కూతురు కింద, మనవడు కాన్వాస్ ఇవతల. ఇంక ఆ గదిలో బయటి మనిషి ఎవరు? అల్లుడు. ఆయన్ని పక్కకి కూర్చోబెట్టి వీపు గీశారు.

మీరంతా దీన్ని భార్యాభర్తల బొమ్మగా చూస్తున్నారు. నాకు మాత్రం పుట్టింటివాళ్ళు తమ ఆడపడుచు కాపురాన్ని గీసినట్టుంది. మా ఇళ్ళల్లో అల్లుడి గురించి ఆడపిల్ల పుట్టింట్లో చెప్పుకునే మాటలు, అదే సంగతి మీద ఆ అల్లుడి తల్లి చెప్పే మాటలు పక్కపక్కన పెట్టండి. రెండూ ఒక మనిషి గురించేనని నమ్మబుద్ధి కాదు. ఇక్కడ మనకి మొదటి పక్షమే దొరికింది. ఉత్తరం రాసింది ఆవిడ, అందుకున్నది మేనల్లుడు, బొమ్మ గీసింది మేనల్లుడు. జెన్నారో ఏమన్నాడో ఎవరూ భద్రపరచలేదు.

అందుకని ఆవిడ బాధ అబద్ధమని నేననను. ఆవిడ తండ్రి పోయాడు, పరాయి ఊళ్ళో అద్దె ఇంట్లో ఉంది, కడుపుతో ఉంది అంటున్నారు. అంత నిటారుగా నిలబడిందే, నాకు ఆ నడుం నొప్పి కనిపిస్తోంది. కానీ బొమ్మ తీర్పు ఇచ్చినప్పుడు, తీర్పరి ఎవరి తాలూకో అడగాలి.

షార్జా శీను:

అమ్మా, నమస్కారం. నాకోసం రాసినట్టుంది.

నీలిమ వి:

సీతమ్మ గారూ, ఇది నాకు తట్టనే లేదు. ఇప్పుడు చూస్తుంటే ఆ ముసలాయన ఫ్రేము ఇంకో మనిషిలా కనిపిస్తోంది. నలుగురి బొమ్మ కాదు, ఐదుగురిది. పోయినాయన లారా తల పక్కన ఉన్నంత దగ్గరగా బతికున్న భర్త లేడు.

కానీ ఒక సందేహం. పుట్టింటి పక్షపాతం అయితే తల్లిని ఇంకా ప్రేమగా గీయొచ్చుగా? ఈవిడ దగ్గరికి వెళ్ళాలంటే నాకు భయం. జొవాన్నా భుజం మీద ఆ చెయ్యి ప్రేమగా ఉందా, పట్టుకుని ఉందా?

సీతమ్మ_కాకినాడ:

రెండూ అమ్మా. తోడు కోసం పట్టుకున్న చెయ్యి అలాగే ఉంటుంది. ఎంత గట్టిగా పట్టుకున్నదీ పిల్లకే తెలుస్తుంది.

పుస్తకాలపురుగు:

సీతమ్మ గారి వాదానికి ఒక అడ్డు చెప్తాను. డెగాకి మామయ్య మీద పగేమీ లేదు. 1858 ఆగస్టులో అతను ఫ్లోరెన్స్ చేరేసరికి అత్తా పిల్లలూ అక్కడ లేరు. తాతగారి చివరి రోజులని నేపుల్స్‌లో ఉన్నారు. నవంబరు దాకా వాళ్ళ కోసం ఎదురుచూస్తూ డెగా ఆ ఇంట్లో మామయ్యతోనే గడిపాడు. అంటే గదిలో అందరికన్నా ఎక్కువ రోజులు అతను చూసింది ఆయన్నే. పొద్దున లేస్తే ఇద్దరు మగాళ్ళు, ఆ నిప్పుగూడు, ఆ కుర్చీ.

బహుశా ఆ వీపు అతను నిజంగా రోజూ చూసిన వీపే.

గోదారిగట్టు:

ఇది బాగుంది. అయితే ఆడవాళ్ళు వచ్చాకే ఇల్లు బొమ్మ అయింది అతనికి. ఒక్క మామయ్యని కూర్చోబెట్టి గీస్తే పోర్ట్రెయిట్ అయ్యేది. ముగ్గురు నల్లబట్టల్లో తలుపు తీసుకుని లోపలికి వచ్చినప్పుడు ఆ గదిలో గాలి ఎలా మారిందో అతనికి తెలుసు. ముందూ చూశాడు, వెనకా చూశాడు.

పుస్తకాలపురుగు:

పిల్లల గురించి డెగా ఆ నవంబరులోనే మిత్రుడు, చిత్రకారుడు గుస్తావ్ మొరోకి రాశాడు. పెద్దది అందగత్తె అన్నాడు, చిన్నది దెయ్యంలాంటి తెలివి, దేవతలాంటి మంచితనం అన్నాడు. మాధురి గారు ఆ మడిచిన కాలు చూసి చెప్పింది దాదాపు అదే.

ప్యారిస్ అత్త:

నేను ఆ మ్యూజియంకి నడిచి వెళ్ళే దూరంలో ఉంటాను, చుట్టాలు వచ్చినప్పుడల్లా తీసుకెళ్ళి ఈ బొమ్మ ముందు నిలబెడతాను. ఫోన్లో చూసేవాళ్ళకి ఒక సంగతి తెలియదు. ఇది చాలా పెద్దది. రెండు మీటర్ల ఎత్తు, రెండున్నర మీటర్ల వెడల్పు. రాజకుటుంబాల బొమ్మల కొలత. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1656లో స్పెయిన్ రాజుగారి పిల్లని పరివారంతో గీసిన "లాస్ మెనినాస్" లాంటివాటికి ఇచ్చే గోడ. ఒక 24 ఏళ్ళ కుర్రాడు తన అత్త కాపురానికి ఆ గోడ ఇచ్చాడు.

ఎదురుగా నిలబడితే లారా దాదాపు నిజం మనిషంత ఉంటుంది. ఫోన్లో ఆవిడ మొహం చూస్తాం. అక్కడ ముందు కనిపించేది బల్ల మీద ఆ వేళ్ళు. చెయ్యి బల్ల మీద ఆన్చలేదు. వేళ్ళ కొసలు మాత్రం తగిలించింది. బరువు మోపితే అలసట ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు. మా తోడికోడలు ఒకసారి వచ్చినప్పుడు ఏ కథా తెలియకుండా చూసి, "ఈవిడ కూర్చోదు, ఎవరు చెప్పినా" అంది.

ఆ నీలం గోడ కూడా ఫోన్లో ముదురుగా, దిగులుగా వస్తుంది. నిజానికి అది లేత నీలం, చాలా అందమైన గది. ఆ అందం లేకపోతే ఆ నలుపు ఇంత బరువుగా ఉండదు.

చిట్టిబాబు_బెజవాడ:

అత్తగారూ, టికెట్ ఎంత? (జోక్ చేశా, బ్లాక్ చేయకండి)

నిర్వాహకుడు:

చిట్టిబాబు గారూ, టికెట్లు, వీసాలు వేరే దారంలో (థ్రెడ్‌లో). ఇక్కడ బొమ్మ.

రంగులపెట్టె:

ఒకరినొకరు చూసుకోకపోవడం అంటే పడకపోవడమేనా? దానికి ఇంకో బొమ్మ పక్కన పెడతాను. అమృతా షేర్‌గిల్ 1935లో గీసిన "ముగ్గురు అమ్మాయిలు". ఢిల్లీలో జాతీయ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. ఐరోపా నుంచి తిరిగొచ్చిన కొద్దికాలానికే గీసింది. 1936 చివర్లో దక్షిణాది యాత్రకి బయల్దేరి హైదరాబాద్ కూడా వచ్చిన మనిషే, ఆ యాత్ర తర్వాత ఆమె బొమ్మలు వేరే దారి పట్టాయి. అది ఇంకో దారానికి సరిపడే మాట.

ఆ ముగ్గురూ ఒకరి వైపు ఒకరు చూసుకోరు. ముగ్గురి కళ్ళూ కిందికి, పక్కకి. అయినా వాళ్ళ మధ్య గొడవుందని ఎవరికీ అనిపించదు. భుజం భుజం కలిపి, ఒకరి ఆకారం ఇంకొకరి మీదికి వచ్చేలా దగ్గరగా ఉన్నారు. వెనక గది లేదు, సామాను లేదు, బల్ల లేదు. ముగ్గురికీ కలిపి ఒకటే ఏదో రాబోతోంది, అది వాళ్ళ చేతిలో లేదు. పెళ్ళే అంటారు చాలామంది. నాకూ అలాగే అనిపిస్తుంది కానీ బొమ్మలో పెళ్ళి ఎక్కడా లేదు.

బెల్లెల్లి ఇంట్లో చూపులకన్నా ఎక్కువ చెప్పేవి ఆ మధ్య ఖాళీలు. గోదారిగట్టు గారు మొదట్లోనే అన్నది అదే. షేర్‌గిల్ అమ్మాయిల మధ్య ఖాళీ లేదు. జెన్నారోకీ జూలియాకీ మధ్య నేల కనిపిస్తుంది.

బొమ్మలమాస్టారు:

ఈ పోలిక ఒప్పుకుంటాను. చూపులు కలవకపోవడం స్కెచ్‌లు అతికించడం వల్ల రావచ్చు. నేల అంత ఖాళీగా వదలడం మాత్రం అతికించడం వల్ల రాదు. కాన్వాస్ మీద మనుషుల్ని ఎక్కడ దించాలో తేల్చుకున్నప్పుడే అది తేలుతుంది. అక్కడ అతను అచ్చంగా ఎంచుకున్నాడు.

షార్జా శీను:

నేల ఖాళీగా ఉంది సరే. ఆ ఖాళీలోకి ఎవరి కాలు వచ్చింది? జూలియా కాలు. ఉన్న ఒక్క కాలూ అటువైపే చాచింది.

మాధురి_తెనాలి:

శీను గారూ!! ఇది నేను చూడలేదు. మళ్ళీ వెళ్ళి చూశాను. నిజమే.

నీలిమ వి:

ఒక ప్రశ్న. ఈ బొమ్మని వాళ్ళు చూశారా? అత్తా మామయ్యా? చూసి ఏమన్నారు?

పుస్తకాలపురుగు:

వాళ్ళ మాటలేవీ నా కంట పడలేదు. 1867లో ప్యారిస్ సలాన్ అనే పెద్ద అధికారిక చిత్రప్రదర్శనలో డెగా పెట్టిన కుటుంబ చిత్రం ఇదేనని చాలామంది నమ్మకం. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పటికి జెన్నారో లేడు. ఇటలీ ఒక్కటయ్యే రోజుల్లో నేపుల్స్ తిరిగి వెళ్ళాడు, సెనేటర్ అయ్యాడు, 1864లో పోయాడు. పనిలేని మనిషని ఆవిడ రాసిన కొద్ది కాలానికే ఆయనకి పని దొరికింది.

1917లో డెగా పోయాక, అతని స్టూడియోలో ఉన్నవన్నీ బయటికి తీసినప్పుడు ఇంత పెద్ద బొమ్మ ఉందని జనానికి తెలిసింది. 1918లో ప్యారిస్‌లోని లక్సెంబర్గ్ మ్యూజియం కొనేసింది.

సీతమ్మ_కాకినాడ:

చూశారా. దేశం కోసం ఊరు వదిలిన మనిషి, చివరికి సెనేటర్ అయిన మనిషి, మనకి మాత్రం వీపుగా మిగిలాడు. మేనల్లుడు బతికినన్నాళ్ళూ పెళ్ళి చేసుకోలేదట కదా. అత్తగారి కాపురం చూసే మానేశాడో ఏమో.

పుస్తకాలపురుగు:

పెళ్ళి చేసుకోని మాట నిజం. కారణం మీ ఊహ :)

సీతమ్మ_కాకినాడ:

ఊహే. మూడు రోజులుగా ఇక్కడ అందరం చేస్తున్నదేమిటి మరి?

గోదారిగట్టు:

ఒక తేడా ఉందండీ. మీ మొదటి ఊహకి బొమ్మలో గోడ మీద తాత సాక్ష్యం ఉన్నాడు. ఈ రెండోదానికి సాక్షి లేడు. మొదటిది నేను ఒప్పుకుంటాను, రెండోది వంటింట్లో కూర్చుని చెప్పుకుందాం.

ప్యారిస్ అత్త:

కుక్క గురించి ఎవరూ తేల్చలేదు. మా మనవడు అన్నాడు, "అందరూ కదలకుండా ఉంటే దానికి బోర్ కొట్టి వెళ్ళిపోతోంది" అని. పెద్దవాళ్ళు దాన్ని ఇంట్లో నిలవలేకపోవడానికి గుర్తు అంటారు. నాకు వాడి మాటే నచ్చింది. గదిలోంచి బయటికి దారి ఉందని తెలిసేది ఆ కుక్క వల్లే.

బొమ్మలమాస్టారు:

పైగా ఆ కుక్క వల్ల ఇది ఒక్క క్షణం అయింది. ఇంకో క్షణానికి అది ఉండదు. మనుషులు మాత్రం అలాగే ఉంటారు. పోర్ట్రెయిట్‌లో ఇలా ఒక మూల కాలం నడిపించడం ఆ రోజుల్లో అలవాటు లేని పని. తర్వాత డాన్సర్లని సగానికి కోసేసి గీసిన డెగా ఇక్కడే మొదలయ్యాడు.

రంగులపెట్టె:

ఇంకొకటి పెట్టి నేను వంటకి వెళ్తాను. 1860ల్లోనే డెగా ఈ అక్కచెల్లెళ్ళని మళ్ళీ గీశాడు, జొవాన్నా, జూలియా ఇద్దర్నే. అది ఇప్పుడు లాస్ ఏంజిలిస్ కౌంటీ మ్యూజియంలో ఉంది. తల్లి లేదు, తండ్రి లేడు, గోడ మీద తాత లేడు. పిల్లలు ఎదిగారు. పక్కపక్కనే ఉన్నారు, కానీ ఒకరి వైపు ఒకరు చూసుకోవడం లేదు.

మాస్టారూ, ఇది అతికించిన చూపులా, ఆ ఇంటి పిల్లలు అలాగే పెరిగారా?

బొమ్మలమాస్టారు:

ఇద్దరిని గీసేటప్పుడు అతికించే అవసరం ఉండదు. అంతకన్నా నన్ను అడగొద్దు.

మాధురి_తెనాలి:

జూలియా ఈసారి రెండు కాళ్ళతో కూర్చుందా?

రంగులపెట్టె:

కాళ్ళ దాకా గీయలేదు మాధురి గారూ.